డబ్బిచ్చాం... అయినా మనది కాదు!

శుభలేఖల షాపులో ఆల్బమ్ తిరగేస్తుంటే నాలుగో పేజీలోనో ఐదో పేజీలోనో ఆవిడ ఎదురవుతుంది. బారెడు జడ, చారెడు కళ్లు, వంచిన మెడ. పక్కన పల్లకీ, పైన అరటాకుల పందిరి. ‘‘బాపు బొమ్మండీ ఇది. ఈ సీజన్లో అందరూ ఇదే అడుగుతున్నారు’’ అంటాడు షాపతను. పెళ్లికూతురి తల్లికి నచ్చుతుంది, తండ్రి రేటు దగ్గర కాస్త బేరమాడతాడు, ఐదొందల కార్డులకు అడ్వాన్సు ఇచ్చి బయటపడతారు. డీటీపీ ఆపరేటర్ ఆ బొమ్మను ఎక్కడినుంచో స్కాన్ చేసి ఎప్పుడో తన కంప్యూటర్లో దాచుకున్నాడు. దానికింద పేర్లు మారుతుంటాయి, బొమ్మ మారదు. ఇంతమందిలో ఒక్కరికీ ఆ బొమ్మకు యజమాని అంటూ ఒకరుంటారన్న ఆలోచన రాదు.

బాపు 2014 ఆగస్టు 31న కన్నుమూశారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయితగానీ చిత్రకారుడుగానీ పోయిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లపాటు వారి పని మీద హక్కు బతికే ఉంటుంది. అంటే ఆయన గీసిన బొమ్మల మీద హక్కు 2074 చివరిదాకా వారసులదో, వాటిని రాయించుకున్నవారిదో. ఇక్కడో చిన్న మెలిక ఉంది. బాపు ‘తరహా’ ఎవరి సొత్తూ కాదు. ఆ వంపు, ఆ వాలుచూపు నేర్చుకుని ఎవరైనా కొత్త బొమ్మ గీసుకోవచ్చు. ఆయన గీసిన బొమ్మనే యథాతథంగా తీసుకొచ్చి అచ్చేయడానికే అనుమతి కావాలి.

మనవాళ్లలో దొంగబుద్ధి ఉందని కాదు ఈ మాట చెప్పడం. మన పనులన్నీ మాట మీద నడుస్తాయి. ఇల్లు కట్టే మేస్త్రీతో, పొలం కౌలుకిచ్చిన రైతుతో, చీటీ పాడుకున్న పక్కింటావిడతో అన్నీ నోటిమాటే. చాలాసార్లు ఆ మాట నిలబడుతుంది కూడా. కాపీరైట్ దగ్గర మాత్రం నోటిమాటకు విలువ లేదు. హక్కు చేతులు మారాలంటే కాగితం, కాగితం మీద సంతకం ఉండాల్సిందే. ఇది తెలియకే ఇటు కళాకారులూ అటు చిరువ్యాపారులూ సమానంగా దెబ్బతింటున్నారు.

పచ్చడి సీసా మీద పడ్డ పీటముడి

గుంటూరులో ఇంటిదగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడను ఊహించుకోండి. తెలిసినవాళ్ల అబ్బాయి గ్రాఫిక్ డిజైనర్. ‘‘బాబూ, మంచి లోగో ఒకటి చేసిపెట్టు’’ అంది. మూడు వేలు ఫోన్‌పేలో పంపింది. జాడీ, రోకలి, మధ్యలో ఎర్రటి మిరపకాయ... వాట్సాప్‌లో జేపీజీ వచ్చింది. లేబుల్ వేయించింది, ఫ్లెక్సీ కట్టించింది. మూడేళ్లు గడిచేసరికి అమెరికాకు పార్సిళ్లు వెళ్లడం మొదలైంది. పెద్ద ప్యాకింగ్ కోసం ఓపెన్ ఫైల్ అడిగితే అబ్బాయి ‘‘దానికి విడిగా అవుతుంది పిన్నీ’’ అన్నాడు. ‘‘అప్పుడే డబ్బులిచ్చాను కదయ్యా!’’ అని ఆవిడ విస్తుపోయింది.

ఇద్దరూ మంచివాళ్లే. చట్టం మాత్రం అబ్బాయి పక్షాన ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెప్పే మూలసూత్రం చాలా సూటిగా ఉంటుంది: ఎవరు చేశారో వారే తొలి యజమాని. డబ్బు ఎవరిచ్చారన్నది తర్వాతి సంగతి. ఆవిడ కొనుక్కున్నది ఆ లోగోను తన వ్యాపారానికి వాడుకునే వీలును. గొడవ ముదిరి కోర్టు మెట్లెక్కితే, డబ్బు తీసుకుని ఇచ్చాడు కాబట్టి సీసా మీద వాడుకోవడానికి అనుమతి ఉన్నట్టేనని ఆవిడ లాయరు వాదించవచ్చు, అందులో న్యాయమూ ఉంది. కానీ వాడుకునే అనుమతి వేరు, సొంతం కావడం వేరు. అద్దె ఇంట్లో ఎన్నేళ్లున్నా పట్టా ఓనరు పేరు మీదే ఉన్నట్టు.

అదే అబ్బాయి ఆవిడ దగ్గర నెలజీతానికి పనిచేస్తూ, ఆ ఉద్యోగంలో భాగంగా లోగో చేసుంటే లెక్క తారుమారయ్యేది. జీతగాడు పనిలో భాగంగా చేసింది యజమానిదే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. కాబట్టి ‘ఇది ఎవరిది?’ అన్న ప్రశ్నకన్నా ముందు వేసుకోవాల్సింది ‘చేసినతను మన దగ్గర ఉద్యోగా, బయటివాడా?’ అని. (నా సంగతే చెప్పాలంటే, ఈ కథనానికి నాకు పారితోషికం వస్తుంది, పత్రికలో నేను ఉద్యోగిని కాను, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఎడిటర్‌ గారు ఈ పేరా చదివి నవ్వుకుంటారనే ఆశ.)

ఇక ఆవిడ పెట్టే ఆవకాయకు కాపీరైట్ ఉందా? లేదు. పాళ్లూ పద్ధతీ కాపీరైట్ కిందికి రావు. వంటపుస్తకంలో రాసిన వాక్యాలకూ, తీసిన ఫొటోలకూ వస్తుంది. కథావస్తువుకైనా ఇదే న్యాయం. ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకాన్ని కాపీ కొట్టి ‘న్యూఢిల్లీ’ సినిమా తీశారంటూ ఆర్.జి.ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, ఆ ఆలోచనను చెప్పిన తీరు మీదే హక్కు. ఆవిడ పచ్చడి బ్రాండు పేరును కాపాడేది కూడా కాపీరైట్ కాదు, ట్రేడ్‌మార్క్. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని, కాపీరైట్ ఆఫీసుకు వెళ్లి పేరు రిజిస్టర్ చేయమనేవాళ్లు కోకొల్లలు.

పెళ్లి ఫొటో... తీయించుకున్నవాళ్లదే

లోగో డిజైనర్‌కు దక్కిన భాగ్యం ఫొటోగ్రాఫర్‌కు లేదు. అదే 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నా, పెయింటింగ్ వేయించుకున్నా, సినిమా తీయించుకున్నా దానికి తొలి యజమాని డబ్బిచ్చినవాళ్లే, వేరే ఒప్పందం లేకపోతే. పెళ్లి వీడియో కూడా చట్టం దృష్టిలో సినిమాయే.

చట్టం ఇలా ఉంటే మన ఊళ్లలో జరిగేది సరిగ్గా తలకిందులు. ప్రీవెడ్డింగ్ షూట్ అయిన మర్నాటికల్లా ఆ ఫొటోలు స్టూడియో ఇన్‌స్టా పేజీలో ఉంటాయి. మరో నెలకు షాపు ముందు ఫ్లెక్సీ మీద. ఆ తర్వాత ఏ చీరల దుకాణం ప్రకటనలోనో తేలతాయి. అమ్మాయి తరఫువాళ్లు అడిగితే ‘‘మేం తీసిన ఫొటోలేనండీ’’ అంటారు. తీసింది వాళ్లే. యజమానులు మాత్రం వాళ్లు కారు.

అలాగని స్టూడియోవాళ్లది తప్పుడు కోరికా కాదు. పనితనం చూపిస్తేనే కదా రేపు ఇంకో పెళ్లి దొరికేది. చట్టంలో ‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్న ఆ మూడు మాటల్లోనే వారికి దారి ఉంది. కొటేషన్ కాగితం అడుగున ‘‘ఫొటోల కాపీరైట్ స్టూడియోది. కుటుంబం తన సొంత అవసరాలకు ఎన్ని కాపీలైనా వేసుకోవచ్చు. స్టూడియో ప్రచారానికి వాడే ఫొటోలను ముందుగా చూపించి ఒప్పించుకుంటాం’’ అని రాసి, పెళ్లివారితో సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది. డ్రోన్ షాట్లకూ ఆల్బమ్ షీట్లకూ విడివిడిగా రేట్లు రాసే ఆ కాగితంలో ఈ మూడు వాక్యాలకు చోటు లేకపోవడమే విచిత్రం.

పాట ఎవరిది?

2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక సంగతి ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. ఇళయరాజా స్వరపరిచిన పాటలను అనుమతి లేకుండా పాడకూడదంటూ ఆయన తరఫు లాయరు నుంచి నోటీసు వచ్చిందనీ, ఇక ఆ యాత్రలో ఇళయరాజా పాటలు పాడబోమనీ. తెలుగునాట ఇంటింటా అదే చర్చ. ‘బాలు గొంతు లేకపోతే ఆ పాటేది?’ అన్నవారు కొందరు, ‘బాణీ లేకపోతే బాలు ఏం పాడేవారు?’ అన్నవారు కొందరు. అభిమానం సంగతి అలా ఉంచి చట్టం ఏమంటుందో చూస్తే, రికార్డయిన ఒక్క పాటలోనే నాలుగు పాటలున్నాయి. సాహిత్యం ఒక హక్కు, బాణీ ఒక హక్కు, రికార్డింగు ఒక హక్కు, గాయకుడి గాత్రం ఇంకో హక్కు. గాత్రం మీది హక్కు గాయకుడిదే, కానీ ఆ హక్కుతో సాహిత్యం, బాణీ ఆయన సొంతమైపోవు.

మరి సినిమా పాట సాహిత్యం, బాణీ ఎవరివి? 1977లో సుప్రీంకోర్టు ‘నిర్మాతవి’ అంది. నిర్మాత కోరి రాయించుకున్నాడు, చేయించుకున్నాడు కాబట్టి, ఒప్పందంలో వేరేగా లేకపోతే ఆయనే తొలి యజమాని అని. ఆ తీర్పుకు జోడించిన మాటల్లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ గాయకులకు చట్టంలో చోటే లేకపోవడాన్ని ఎత్తిచూపారు. గాయకులకు హక్కు వచ్చేసరికి 1994 అయింది. పాటల రచయితలకూ సంగీత దర్శకులకూ ఊరట దొరకడానికి 2012 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. రాజ్యసభ సభ్యుడిగా జావేద్ అఖ్తర్ దానికోసం గట్టిగా పోరాడారు. థియేటర్లో సినిమాతోపాటు వినిపించినప్పుడు తప్ప, ఇంకెక్కడ ఆ పాట వాడినా రాయల్టీలో సమాన వాటా వారిద్దరికీ చెందాలి. ‘నాకొద్దు’ అని నిర్మాతకు ముందే రాసిచ్చినా ఆ రాత చెల్లదు. మన చట్టంలో ఇంత గట్టి రక్షణ ఉన్న నిబంధనలు అరుదు. అవసరంలో ఉన్నవాడి చేత ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించవచ్చని పార్లమెంటుకు తెలిసొచ్చిందన్నమాట.

చిరువ్యాపారికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. హోటల్లో, జిమ్‌లో, బట్టల షాపులో పాటలు పెట్టేవాళ్ల దగ్గరికి ‘లైసెన్సు ఫీజు కట్టండి’ అంటూ మనుషులు వస్తుంటారు. ఐపీఆర్ఎస్ అనేది రచయితలు, స్వరకర్తల తరఫున వసూలు చేసే సంఘం, 1969 నుంచి ఉంది. రికార్డింగుల తరఫున పీపీఎల్ వంటివి వస్తాయి. వచ్చినవారిని తిట్టి పంపక్కర్లేదు, అడగ్గానే గల్లా తెరవనూ అక్కర్లేదు. మీరు ఎవరి తరఫున వచ్చారు, మేం పెట్టే పాటల మీద మీకున్న హక్కుకు కాగితమేది, రేటు ఎక్కడ ప్రకటించారు... ఈ మూడూ అడగాలి. మీ ఫోన్లో నెలనెలా డబ్బు కట్టే పాటల యాప్ ఉంది కదా అంటారేమో, ఆ చందా మీరు వినడానికి. మీ షాపులో కస్టమర్లకు వినిపించడానికి కాదు.

పెళ్లికి మాత్రం చట్టమే మినహాయింపు ఇచ్చింది. పెళ్లి ఊరేగింపూ, పెళ్లితో ముడిపడిన వేడుకలూ 52వ సెక్షన్‌లో స్పష్టంగా ఉన్నాయి. వాటికి రాయల్టీ అడగొద్దని కేంద్రం 2023 జులైలో బహిరంగ ప్రకటన కూడా ఇచ్చింది. సంగీత్‌లో పాటలు పెట్టినందుకు ఫంక్షన్ హాల్ మేనేజర్ విడిగా ఫీజు అడిగితే ఈ సంగతి గుర్తుచేయండి. అదే హాల్లో డిసెంబరు 31 రాత్రి టికెట్లు పెట్టి డీజే మోగిస్తే ఈ మినహాయింపు రాదు. పెళ్లి వీడియోకు సినిమా పాట అతికించి యూట్యూబ్‌లో పెడితే దానికీ రాదు. ‘కాపీరైట్ ఉద్దేశం లేదు, క్రెడిట్స్ అసలు యజమానులకే’ అని కింద రాసుకుంటారు చూశారూ, ఆ వాక్యానికి కొబ్బరికాయ కొట్టి దిష్టి తీసినంత బలమే ఉంది. తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది.

సాహిత్యం, బాణీ వేర్వేరు హక్కులన్న లెక్క అన్నమయ్య దగ్గర మరీ ఆసక్తిగా ఉంటుంది. ఆయన 15వ శతాబ్దివాడు. తిరుమల ఆలయంలో ఆయన కీర్తనల రాగిరేకులు బయటపడింది 1922లో. కీర్తనల సాహిత్యం లోకమందరిదీ. కానీ రేకుల మీద రాగం పేరుంది తప్ప స్వరం లేదు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో చాలావాటిని కట్టింది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు. రాళ్లపల్లి 1979లో, నేదునూరి 2014లో, బాలకృష్ణప్రసాద్ 2025లో మరణించారు. వాళ్ల బాణీల మీద హక్కు ఇంకా బతికే ఉంది, అది వారసులదైనా, చేయించుకున్న సంస్థదైనా. ‘అన్నమయ్య కీర్తనకు కాపీరైట్ ఏంటండీ’ అని ఆశ్చర్యపోయే భక్తి ఛానెళ్ల నిర్వాహకులు మాటకూ బాణీకీ మధ్య ఉన్న ఐదు వందల ఏళ్ల దూరాన్ని మరిచిపోతున్నారు.

కాలపరిమితి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్కమాట. ఈ లెక్క ఒకప్పుడు 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో ముగిసిపోతుందనగా, దాన్ని 60కి పొడిగించారు. ఒక్క కవి కోసం దేశంలోని కవులందరికీ పదేళ్లు కలిసొచ్చాయి. 1915లో పోయిన గురజాడను ఎవరైనా అచ్చేసుకోవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీని అలా వేయాలంటే 2043 చివరిదాకా ఆగాలి.

నేతగాడికి వేరే దారి

పోచంపల్లి చేనేత కళాకారుడు నెలలపాటు ఆలోచించి, గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, నూలు చిటికీలు కట్టి కొత్త డిజైన్ చీర నేస్తాడు. మగ్గం మీద ఉండగానే సంబరంగా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కొద్దిరోజులకే అదే డిజైన్ ప్రింటు చీర మీద పదోవంతు ధరకు బజార్లో వేలాడుతుంది.

‘మాకు జీఐ ఉంది కదా’ అనుకుంటారు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి రెండు దశాబ్దాలైంది. అది కాపాడేది పోచంపల్లి అన్న పేరును. ఒక్క నేతగాడి కొత్త డిజైన్‌ను కాదు. కాపీరైట్ కూడా ఇక్కడ నిస్సహాయంగా చేతులెత్తేస్తుంది. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ కాగల డిజైన్‌ను రిజిస్టర్ చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి వస్తువుల మీద వేస్తే కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి నేతగాడు వెళ్లాల్సింది 2000 నాటి డిజైన్ల చట్టం దగ్గరికి. అక్కడ ముందు 10 ఏళ్లు, ఆపైన మరో 5 ఏళ్లు రక్షణ దొరుకుతుంది. ముఖ్యమైన షరతు ఒకటుంది, దరఖాస్తు పెట్టేనాటికి ఆ డిజైన్ లోకానికి తెలిసి ఉండకూడదు. ఆ గ్రూపులో పెట్టిన ఫొటోయే కొంప ముంచుతుంది. ముందు దరఖాస్తు, తర్వాతే ఫొటో.

కాగితం మీద ఏముండాలి?

కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చదివితే ఇది రాసినవాళ్లెవరో మన మొహమాటాలు బాగా తెలిసినవాళ్లే అనిపిస్తుంది. మనం రాయడం మరిచిపోయే ప్రతిదాన్నీ ముందే ఊహించి పూరించారు. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, అది రద్దయిపోతుంది. అమెరికాకు పచ్చళ్లు పంపే ఆవిడ ‘లోగో హక్కులు ఇస్తున్నాను’ అని ఒక్క ముక్క రాయించుకుని ఊరుకుంటే, ఐదేళ్ల తర్వాత ఆ హక్కు తిరిగి అబ్బాయి దగ్గరికే చేరుతుంది. అమెరికాలో అసలు మొదటినుంచీ లేదు.

ఆవిడకు కావాల్సిన కాగితం ఇంత:

‘‘జతచేసిన లోగోను నేనే స్వయంగా తయారుచేశాను. దానిమీద నాకున్న కాపీరైట్ మొత్తాన్ని ప్రపంచమంతటా, కాపీరైట్ గడువు తీరేదాకా వర్తించేలా, రూ. ........ తీసుకుని ఫలానావారికి బదలాయిస్తున్నాను. ఏడాదిలోగా వాడకపోయినా ఈ బదలాయింపు రద్దు కాదు. ఓపెన్ ఫైల్ అందజేశాను. నా పనుల జాబితాలో ఈ లోగోను చూపించుకునే వీలు నాకుంటుంది.’’

కింద తేదీ, ఇద్దరి సంతకాలు, వెనకాల లోగో ప్రింటు. అబ్బాయి హక్కు వదులుకోవడానికి ఇష్టపడకపోతే అదీ తప్పు కాదు. బదలాయింపు బదులు లైసెన్సు రాసుకోవచ్చు, రేటు తగ్గించుకోవచ్చు. డిజైనర్లకు నేను చెప్పేదల్లా, లోగో చేసే రేటూ, హక్కు వదులుకునే రేటూ కొటేషన్‌లో రెండు వరుసల్లో వేయండి. అప్పుడు పిన్నిగారితో పేచీ ఉండదు. వాట్సాప్‌లో ‘‘ఓకే అన్నా, తీసుకో’’ అన్న మెసేజ్‌ను కోర్టు సంతకంగా ఒప్పుకుంటుందా లేదా అన్న వాదనకే లాయరు ఫీజు బోలెడవుతుంది.

హక్కు అమ్మేసినా కొంత మిగులుతుంది. పేరు చెప్పమని అడిగే హక్కూ, తన పనిని వికృతం చేస్తే నిలదీసే హక్కూ సృష్టికర్తవే. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. శిల్పం డబ్బిచ్చి కొన్న ప్రభుత్వానిదే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని శిల్పికి తిరిగిచ్చి, 5 లక్షల పరిహారం కట్టమంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గీసిన క్షణం నుంచే, రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేసుకుంటే గొడవ వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. కథకో బొమ్మకో ఫీజు 500 రూపాయలు, సరుకుల మీద వాడే లోగో లాంటి వాటికి 2,000. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. హైదరాబాద్‌లో సినీ రచయితల సంఘం దగ్గర కథ నమోదు చేయించుకోవడం, ఆ తేదీనాటికి ఆ కథ మీ దగ్గరుందని చెప్పడానికే. దానితో కొత్త హక్కేదీ రాదు.

ఇక గూగుల్లో దొరికిన ఫొటో. దొరికింది అంటే ఎవరో పోగొట్టుకున్నారని కదా అర్థం! హుస్సేన్‌సాగర్ బుద్ధుడి ఫొటో మీరే తీసి క్యాలెండర్ వేసుకోవచ్చు, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పానికి చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. ఇంకొకరు తీసిన బుద్ధుడి ఫొటో మాత్రం వాళ్లది. డీటీపీ షాపుల్లో దొంగ సాఫ్ట్‌వేర్ అని తెలిసీ వాడితే విడిగా 63బి సెక్షన్ ఉంది, కనీసం వారం రోజుల జైలు. ఫాంట్ల కోసం ఆ ముప్పు తెచ్చుకోనక్కర్లేదు. మండలి, రామభద్ర, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి... ఇలా పదుల సంఖ్యలో తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. శుభలేఖకైనా సీసా లేబుల్‌కైనా రూపాయి కట్టకుండా వాడుకోవచ్చు.

శుభలేఖ దగ్గర మొదలెట్టాం కాబట్టి అక్కడికే వద్దాం. ఊరికొకరైనా కుంచె పట్టిన కుర్రాళ్లున్నారు, బొమ్మలు గీసి ఇన్‌స్టాలో పెట్టుకుని లైకులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు. ఈసారి మీ ఇంట్లో పెళ్లి కుదిరితే వాళ్లలో ఒకరికి ఫోన్ చేయండి. మీ అమ్మాయి జడనే చూసి గీయమనండి. డబ్బులివ్వండి, పైన చెప్పిన ఐదు వాక్యాల కాగితం మీద సంతకం తీసుకోండి, కార్డు మూలన ఆ కుర్రాడి పేరు వేయించండి.